చెరువులో చేప ఎందుకు తగ్గిందో తేల్చే పద్ధతి: ఏడాది పాటు ఒక నోటుపుస్తకంతో

వానాకాలంలో చెరువులో లక్ష చేపపిల్లలు వదిలారు. ఎండాకాలంలో వల లాగితే అందులో పదో వంతు కూడా చేతికి రాలేదు. ఆ తర్వాత సంఘం సమావేశం ఎలా సాగుతుందో నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో చెరువు పక్కన పెరిగిన ఎవరికైనా తెలుసు. ఒకరు నీటికాకులను తిడతారు. ఒకరు పిల్లలే నాసిరకమంటారు. ఏదో రోగం తగిలిందని మరొకరు, అలుగు మీదుగా కొట్టుకుపోయాయని ఇంకొకరు అంటారు. వెనుక వరుసలో ఎవరో గొంతు తగ్గించి దొంగవలల మాట ఎత్తుతారు. ఇవన్నీ సాధ్యమే, కానీ దేనికీ రుజువు ఉండదు. మరుసటి ఏడాది మళ్లీ లక్ష పిల్లలు వస్తాయి, మళ్లీ అదే కథ.

ఈ అనుమానాలను ఒకదాని నుంచి ఒకటి విడదీసి చూడడానికి పెద్ద ప్రయోగశాల అవసరం లేదు. వందపేజీల నోటుపుస్తకం, ఒక త్రాసు, కొలబద్ద, నీటి పరీక్ష కిట్, కొన్ని వల గుడ్డలు, వారానికి రెండు ఉదయాలు కావాలి. డిగ్రీ విద్యార్థులు గానీ, మత్స్య సహకార సంఘంలోని యువకులు గానీ, ఉన్నత పాఠశాల జీవశాస్త్ర ఉపాధ్యాయులు గానీ చేయగలిగిన పని ఇది. నేను చేసి చూసిన క్రమంలోనే చెబుతాను.

మొదటి పని: చెరువు చరిత్ర రాసుకోవడం

పుస్తకం మొదటి పేజీలో చెరువు గురించి రాయండి. నీరు ఎక్కడి నుంచి వస్తుంది? వాననీరా, కాలువ నీరా, మూసీ నీరా? ఏడాదంతా నిలుస్తుందా, మార్చికల్లా ఎండుతుందా? పానగల్లు ఉదయసముద్రం లాంటి జలాశయానికీ, ఊరి చివరి కుంటకూ ఒకే లెక్క కుదరదు. ఎండని చెరువులో పోయినేటి వాలుగలు, కొర్రమీనులు కాచుకుని ఉంటాయి. ఎండి నిండిన కుంటలో ఆ బెడద తక్కువ. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువైతే లోతు గుంతలు ఎక్కడున్నాయో గీసుకోండి. ఎండాకాలం చేపలు అక్కడే దాక్కుంటాయి, వలకు అందవు. దొరకని చేపలన్నీ చచ్చినవే అనుకోకుండా ఈ పటం కాపాడుతుంది.

అనుమతులు ముందే తీసుకోండి. సంఘం తీర్మానం, జిల్లా మత్స్యశాఖ కార్యాలయానికి ఒక లేఖ సరిపోతాయి. కృష్ణా ఒడ్డున అమ్రాబాద్ అడవి వైపు అయితే అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, వలవేసే ముదిరాజ్, గంగపుత్ర పెద్దలతో ఒక పూట కూర్చోవడం. ఏ మూల ఏ నెలలో చేప తేలుతుందో వారికి తెలిసినంత ఏ పుస్తకంలోనూ ఉండదు. వారు చెప్పింది వారి మాటల్లోనే రాసుకోండి.

రెండో పని: సూర్యోదయానికి ముందు నీటి దగ్గర

నీటిలో కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామున అతి తక్కువగా ఉంటుంది. పగలు ఎండలో నాచు ఆక్సిజన్‌ను విడుదల చేస్తుంది; రాత్రి అదే నాచు, చేపలు, అడుగు బురద అన్నీ కలిసి దాన్ని వాడుకుంటాయి. మధ్యాహ్నం కొలిస్తే చెరువు ఆరోగ్యంగానే కనిపిస్తుంది. అందుకే తూర్పు ఎర్రబడక ముందే కట్ట మీద ఉండాలి. లీటరుకు 5 మిల్లీగ్రాములకు పైగా ఉంటే నిశ్చింత. 3 కన్నా తగ్గితే చేపలు మేత మానేస్తాయి. 1కి దిగజారి కొన్ని గంటలు అలాగే ఉంటే బొచ్చెలు, రోహులు చచ్చి తేలుతాయి. మబ్బు పట్టి రెండు మూడు రోజులు ఎండ లేనప్పుడు తప్పనిసరిగా కొలవాలి.

నీటి స్వచ్ఛతకు ఒక పళ్లెం చాలు. 20 సెంటీమీటర్ల వెడల్పున్న రేకు పళ్లేన్ని నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలకు నలుపు, మిగతా రెండింటికి తెలుపు రంగు వేయండి. మధ్యలో తాడు కట్టి, తాడుకు ప్రతి 5 సెంటీమీటర్లకు ముడి వేయండి. దీన్ని సెక్కి పళ్లెం అంటారు. పది గంటల తర్వాత, ఎండ బాగా ఉన్నప్పుడు దించి ఎంత లోతులో కనుమరుగవుతుందో రాయండి. 25 నుంచి 40 సెంటీమీటర్ల మధ్య ఉంటే బొచ్చె, రోహు వంటి కార్పు చేపలకు అనువైన నీరు. 20 లోపే మాయమైతే నాచు మితిమీరిందని అర్థం, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయే ప్రమాదం ఉంది. అయితే మన ఎర్రమట్టి నేలల్లో వాన పడగానే నీరు బురదగా మారుతుంది. ఆ తేడా తెలియడానికి ఒక గాజు గ్లాసులో నీరు పట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. మట్టి అడుగుకు దిగుతుంది, నాచు పచ్చదనం అలాగే ఉంటుంది.

పీహెచ్ 7 నుంచి 8.5 దాకా మంచిది. ఉదయం 7.5 ఉండి సాయంత్రానికి 9 దాటితే అది కూడా నాచు ఎక్కువైన గుర్తే. పీహెచ్, వేడి పెరిగినకొద్దీ నీటిలోని అమ్మోనియా మరింత విషంగా మారుతుంది. మూసీ నీరు చేరే చెరువుల్లో అమ్మోనియా పరీక్ష ఒక్క వారం కూడా మానకూడదు. హైదరాబాద్ మురుగును మోసుకుంటూ వచ్చే ఆ నది వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేదాకా ఎన్నో ఊళ్ల నీటిని తాకుతుంది. ఎండాకాలం బోరు నీటితో కుంట నింపేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. భూగర్భ జలంలో ఆక్సిజన్ చాలా తక్కువ. పైపును నేరుగా కుంటలో ముంచకుండా, నీరు రాళ్ల మీద చిందుతూ పడేలా పెట్టండి.

మూడో పని: పిల్లలు వచ్చిన రోజు

ఏడాది మొత్తంలో అతి విలువైన సమాచారం ఈ ఒక్క రోజున దొరుకుతుంది. దాన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. బొచ్చె, రోహు, మృగాల నిలవ నీటి చెరువుల్లో గుడ్లు పెట్టవు, వాటికి వరద పారే నది కావాలి. 1957 జూలై 10న శాస్త్రవేత్త హీరాలాల్ చౌదరి పీయూష గ్రంథి సారంతో ఈ చేపల చేత గుడ్లు పెట్టించగలిగాకే, గుడ్లు పొదిగించి పిల్లలను పెంచే హేచరీల దారి తెరుచుకుంది. కాబట్టి మన చెరువుకు పిల్లలు ఎప్పుడూ బయటి నుంచే, సంచుల్లో, లారీలో ప్రయాణం చేసి వస్తాయి. తెలంగాణలో 2016-17 నుంచి జరుగుతున్న ఉచిత పంపిణీలో కొద్ది నెలలే నీరుండే చెరువులకు 35-40 మిల్లీమీటర్ల పిల్లలు, ఏడాదంతా నీరుండే జలాశయాలకు 80-100 మిల్లీమీటర్ల పిల్లలు ఇవ్వాలన్నది నియమం. ఆ తేడాకు కారణం ఉంది. వేటాడే చేప తన నోటిలో పట్టేదాన్నే మింగగలదు. పెద్ద పిల్ల చాలా నోళ్ల నుంచి తప్పించుకుంటుంది.

సంచి విప్పగానే చేతికందిన వంద పిల్లలను తీసి పొడవు కొలవండి. సంచులను పావుగంట నుంచి ఇరవై నిమిషాల పాటు చెరువు నీటిలోనే తేలనిచ్చి, తర్వాత కొద్దికొద్దిగా చెరువు నీరు లోపలికి పోసి వదలండి. అన్నీ వదిలేయకుండా వంద పిల్లలను లెక్కపెట్టి ఒక హాపాలో, అంటే నీటిలో కర్రలకు కట్టిన వల తొట్టిలో, మూడు రోజులు ఉంచండి. మూడో రోజు బతికినవి లెక్కించండి. 60 మాత్రమే మిగిలితే, మిగతా చెరువులోనూ అదే నిష్పత్తిలో పోయి ఉంటాయని అనుకోవాలి. అప్పుడు తప్పు పక్షిది కాదు, ప్రయాణానిది. ఒకసారి మా దగ్గర ఇలా లెక్కించాకే సంఘం పెద్దలు లారీని మధ్యాహ్నపు ఎండలో కాక తెల్లవారుజామున రప్పించాలని పట్టుబట్టారు.

నాలుగో పని: నెలకోసారి వల

ప్రతి నెలా ఒకే వారంలో, ఒకే చోట్ల, ఒకే వలతో నమూనా తీయండి. ఒక్కో జాతిలో కనీసం 30 చేపల పొడవు, బరువు రాయండి. చేతులు తడిపి పట్టుకోవాలి, పొడి చేయి చేప ఒంటి మీది జిగురును తీసేస్తుంది. పెద్ద చేపలు ఎగిరిపడి గాయపడకుండా లవంగ నూనె వాడవచ్చు. పది లీటర్ల నీటికి సుమారు 0.4 మిల్లీలీటర్లు, ముందు కొద్దిగా స్పిరిట్‌లో కలిపి పోయాలి. నేరుగా వేస్తే నూనె పైన తేలుతుంది. మత్తు దిగి చేప నిటారుగా ఈదే వరకు మంచి నీటిలో ఉంచి అప్పుడే వదలండి.

ఈ రెండు కొలతల నుంచి చేప పుష్టిని చెప్పే అంకె వస్తుంది. బరువును గ్రాముల్లో తీసుకుని వందతో గుణించి, పొడవు ఘనంతో భాగించాలి. 30 సెంటీమీటర్ల రోహు 400 గ్రాములుంటే అంకె 1.48. అదే పొడవున్న రోహు 300 గ్రాములే ఉంటే 1.11. ఒక జాతిని అదే జాతితో, ఈ నెలను పోయిన నెలతో మాత్రమే పోల్చండి. ఆక్సిజన్ బాగుండి, మేత ఉండీ ఈ అంకె రెండు నెలలు వరుసగా పడిపోతుంటే రోగమో పరాన్నజీవులో లోపల పని చేస్తున్నాయి.

ఐదో పని: రోగాన్ని చదవడం

చేపను పట్టుకున్న ప్రతిసారీ మొప్ప మూత ఎత్తి చూడండి. ఆరోగ్యంగా ఉన్న మొప్ప నిండు ఎరుపులో ఉంటుంది. పాలిపోతే రక్తం తగ్గింది, బూడిద రంగు మచ్చలుంటే కుళ్లు మొదలైంది. తర్వాత పొలుసులు, రెక్కల మొదళ్లు, తోక, మలద్వారం వరుసగా చూడాలి.

మన చెరువుల్లో ఎక్కువగా కనిపించేది చేప పేను, ఆర్గులస్. చదునుగా, అరంగుళం లోపు ఉండి, ఒంటి మీద పారాడుతూ కంటికే కనిపిస్తుంది. పేను పట్టిన చేపలు కర్రలకు ఒళ్లు రాసుకుంటాయి, నీటి పైకి ఎగురుతాయి. ఇది గుడ్లను నీటిలోని గట్టి వస్తువుల మీద అంటిస్తుంది. ఆ అలవాటునే మనకు అనుకూలంగా మార్చుకోవచ్చు. వెదురు బద్దలు, పలకలు నీటిలో పాతి, కొన్ని రోజులకోసారి తీసి ఎండలో బాగా ఆరబెడితే గుడ్లు చస్తాయి. తాగునీటికి, పశువులకు ఆధారమైన చెరువులో పొలానికి కొట్టే పురుగుమందు పోసి పేనును చంపాలనుకునేవారిని గట్టిగా ఆపండి. చేపతో పాటు దాని మేత కూడా చస్తుంది.

రెండోది ఎర్రపుండ్ల వ్యాధి. 1988లో ఈశాన్య రాష్ట్రాల మీదుగా దేశంలోకి వచ్చింది. అఫానోమైసిస్ ఇన్వాడాన్స్ అనే బూజు లాంటి జీవి దీనికి మూలం. చలికాలంలో నీరు చల్లబడినప్పుడు విజృంభిస్తుంది. ముందుగా కొర్రమీనుకు, పరకలకు సోకుతుంది. కాబట్టి డిసెంబరు, జనవరి నెలల్లో విలువ తక్కువని పక్కన పడేసే ఆ చిన్న పరకలనే శ్రద్ధగా చూడండి. వాటి మీద ఎర్రమచ్చ కనిపిస్తే రోహుకు ఇంకా కొంత సమయం ఉంది. చిన్న కుంటల్లో సున్నం చల్లడం మేలు చేస్తుంది, మోతాదు మత్స్యశాఖ అధికారిని అడిగి వేయండి. మూడోది పొట్ట ఉబ్బు. పొలుసులు నిక్కబొడుచుకుని, కడుపులో నీరు చేరుతుంది. ఏరోమోనాస్ బ్యాక్టీరియా కారణం. పెద్ద చెరువులో యాంటీబయాటిక్ మందులు చల్లడం వృథా మాత్రమే కాదు, హాని కూడా.

చేపలు మూకుమ్మడిగా తేలిన ఉదయం ఊరంతా కట్ట మీదికి వస్తుంది, ఎవరో విషం కలిపారనే మాట నిమిషాల్లో పాకుతుంది. ఆ గందరగోళంలో మూడు విషయాలు రాయడం మరవకండి. పెద్ద చేపలు ముందు పోయి, చిన్నవి బతికి, కొర్రమీను, మార్పు (మీసాల చేప) వంటి గాలి పీల్చే చేపలకు ఏమీ కాకపోతే అది ఆక్సిజన్ లోపం. చిన్నా పెద్దా తేడా లేకుండా, కప్పలు, నత్తలు, నీటి పురుగులతో సహా కొద్ది గంటల్లో పోతే విషాన్ని అనుమానించాలి. ఒకే జాతి చేపలు రోజుకు కొన్ని చొప్పున పది పదిహేను రోజులు తేలుతుంటే రోగం. ఈ పరిశీలన పక్కింటివారి మీద పడే నిందను ఆపగలదు. నేను కళ్లారా చూశాను. ఊరిలో కొట్లాట దాకా పోయిన వ్యవహారం, కొర్రమీనులు హాయిగా ఈదుతున్నాయని ఒక ముసలాయన చూపించడంతో చల్లబడింది.

ప్రయోగశాలకు పంపాల్సి వస్తే, చచ్చిన చేప పనికిరాదు. వేడికి గంటలోనే కణజాలం పాడవుతుంది. మొదటిసారి నేను చచ్చిన చేపలను సంచిలో పెట్టి బస్సులో తీసుకెళితే, అక్కడి వారు చూసి తలూపడం తప్ప ఏమీ చేయలేకపోయారు. బతికి ఉండి నీరసించిన చేపలు ఐదారు, పోల్చడానికి ఆరోగ్యమైనవి రెండు మూడు, ఆక్సిజన్ నింపిన సంచుల్లో తీసుకెళ్లాలి. కుదరకపోతే బతికి ఉండగానే పట్టి, అప్పటికప్పుడు మంచులో పెట్టండి, గడ్డకట్టించకండి. మొప్ప, మూత్రపిండం, పుండు అంచు నుంచి ఒక సెంటీమీటరుకు మించని ముక్కలు కోసి, వాటికి పదింతల పరిమాణంలో ఫార్మలిన్ ద్రావణంలో వేయవచ్చు. దుకాణంలో దొరికే ఫార్మలిన్ ఒక వంతు, నీరు తొమ్మిది వంతులు. జన్యు పరీక్షకైతే ఫార్మలిన్ వద్దు, 95 శాతం ఆల్కహాల్ కావాలి. చీటీ పెన్సిల్‌తో రాసి సీసా లోపల వేయండి, సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. మన వైపు పెబ్బేరులో మత్స్యశాస్త్ర కళాశాల, పాలేరులో మత్స్య పరిశోధన కేంద్రం ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం 2023లో విడుదల చేసిన రిపోర్ట్ ఫిష్ డిసీజ్ యాప్‌లో ఫోటోలతో సహా సమాచారం ఇవ్వవచ్చు.

ఆరో పని: వేట ఎంత, చావు ఎంత

నీటికాకుల మీద ఉన్నంత కోపం మరే జీవి మీదా ఉండదు. వాటిని తరమడానికి టపాకాయలు కాల్చడం, గూళ్లు పడగొట్టడం చూశాను. ముందు లెక్క తేలుద్దాం.

ఆరు హాపాలు తీసుకోండి. అన్నీ ఒకే కొలత, ఒకే లోతు, కట్టకు ఒకే దూరం. మూడింటికి పైన వల కప్పండి, మూడింటిని తెరిచి ఉంచండి. ఏది కప్పాలో మీ ఇష్టం ప్రకారం కాక చీటీలు తీసి నిర్ణయించండి. ఒక్కో దానిలో 50 పిల్లలు, ఒకే మేత. నెల తర్వాత లెక్కించండి. కప్పినవాటిలో 41, 43, 42, తెరిచినవాటిలో 33, 30, 36 మిగిలాయనుకుందాం. కప్పినవాటి సగటు 42. పక్షి అందుకోలేని చోట కూడా 8 పోయాయి, అవి నీటివో రోగానివో పిల్లల నాణ్యతవో. తెరిచినవాటి సగటు 33. అదనంగా పోయిన 9 పక్షుల ఖాతా. ఇలా చేశాకే పక్షి వాటా ఎంతో మాట్లాడే హక్కు వస్తుంది. ఒక పరిమితి కూడా రాసుకోండి. హాపాలో చేప పారిపోలేదు, కాబట్టి విశాలమైన చెరువులో పక్షి తినేది ఇంతకన్నా తక్కువే కావచ్చు.

దీనికి తోడు పదిహేను రోజులకోసారి ఉదయం ఒకే గంటలో పక్షులను లెక్కించండి. నీటికాకులు, పాముమెడ పక్షులు, కొంగలు, లకుముకి పిట్టలు విడివిడిగా రాయాలి. నీటికాకులు రాత్రి నిద్రించే చెట్ల కింద అరగని ఎముకల ఉండలు కక్కుతాయి. వాటిని నీటిలో నానబెట్టి విప్పితే చేప చెవి రాళ్లు (తల లోపల ఉండే చిన్న గట్టి ముక్కలు), దంతాలు దొరుకుతాయి. మార్కెట్లో దొరికే చేపల చెవి రాళ్లతో పోల్చి ఏ జాతి తిన్నదో చెప్పవచ్చు. మా చెట్ల కింద ఎక్కువగా దొరికినవి చిన్న పరకలవే. చెరువు లోపలి వేటగాళ్ల సంగతికి మార్కెట్లో చేపలు శుభ్రం చేసే అక్కలను అడగండి. వాలుగ కడుపు కోసినప్పుడు లోపల ఏముందో వారు రోజూ చూస్తారు. ఖాళీ కడుపులను కూడా లెక్కలో వేయాలి, లేకపోతే వాలుగ ఎప్పుడూ తింటూనే ఉంటుందని పొరబడతాం. కృష్ణా ఒడ్డున రాళ్ల మీద పొలుసులు నిండిన, ఘాటైన చేప వాసన వేసే రెట్ట కనిపిస్తే అది నీటికుక్కది. 1972 వన్యప్రాణి చట్టం దానికి రక్షణ ఇస్తుంది. ఉచ్చు పెట్టడం నేరం.

ఈ పనిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచిన విషయం ఒకటుంది. రోగం సోకిన చేప నెమ్మదిగా, నీటి పైపైన ఈదుతుంది. పక్షికి ముందుగా దొరికేది అదే. ఒక మూలకు ఒక్కసారిగా నీటికాకులు గుంపుగా దిగాయంటే, తరమడానికి కర్ర తీసుకోకముందు ఆక్సిజన్ కిట్ తీసుకుని అక్కడికి వెళ్లండి. పుస్తకంలో పక్షుల సంఖ్య, నీటి అంకెలు ఒకే పేజీలో పక్కపక్కన ఉండాలి. వేరువేరు పుస్తకాల్లో రాస్తే ఈ సంబంధం కనబడదు.

ఏడో పని: చెరువులో ఎన్ని మిగిలాయి

120 చేపలను పట్టి తోక పై కొసన చిన్న ముక్క కత్తిరించి, చెరువు నలుమూలలా వదలండి. అది మళ్లీ పెరుగుతుంది. పది పన్నెండు రోజుల తర్వాత మళ్లీ వల వేస్తే 150 పడ్డాయి, వాటిలో గుర్తున్నవి 9 అనుకుందాం. 120ని 150తో గుణించి 9తో భాగిస్తే 2,000. చెరువులో సుమారు అన్ని ఉన్నాయి. గుర్తున్నవి ఏడు కన్నా తక్కువ పడితే ఆ లెక్కను నమ్మకండి, ఇంకోసారి వల వేయండి. దీన్ని మూడు నెలలకోసారి చేస్తే చేప క్రమంగా తగ్గిందా, ఒక్కసారిగా మాయమైందా తెలుస్తుంది. నీరు బాగుండి, శవాలేవీ తేలకుండా, అలుగు పారకుండా సంఖ్య ఒక్కసారిగా సగమైతే రాత్రి కాపలా గురించి సంఘం మాట్లాడుకోవాలి. అలుగు పారిన రోజులు తేదీలతో సహా రాయండి. చేప పోకుండా అలుగుకు సన్నని వల కట్టడం మాత్రం ప్రమాదం. చెత్త అడ్డుపడి నీరు ఎగదన్నితే కట్టకే ముప్పు.

ఎనిమిదో పని: మనం వదలని చేపలు

సంఘం లెక్కల్లో బొచ్చె, రోహు, బంగారుతీగ ఉంటాయి. పరక, జెల్ల, మార్పు, ఇంగిలీకం, మలుగు ఉండవు. అవి ఎవరూ డబ్బు పెట్టి వదలనివి, పేదింటి కూరలో ఎక్కువగా కనిపించేవి. నెలవారీ వలలో పడిన ప్రతి జాతి పేరును ఊరిలో పిలిచే పేరుతోనే రాసి ఫోటో తీయండి. 2002 జీవవైవిధ్య చట్టం కింద పంచాయతీలో ఉండే ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్‌లో ఈ జాబితాను చేర్పించండి. తిలాపియా వాటా ఎంత పెరుగుతోందో, నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ కనిపిస్తోందో కూడా అందులోనే తెలుస్తుంది. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ దొరికితే తిరిగి నీటిలో వేయకుండా మత్స్యశాఖకు చెప్పాలి.

కొర్రమీను మన రాష్ట్ర చేప. వానలు మొదలయ్యాక ఒడ్డు గడ్డిలో గూడు కట్టుకుని గుడ్లు పెడుతుంది. పిల్లలు ఎర్రటి బంతిలా ఒక్క గుంపుగా నీటి పైన కదులుతుంటాయి, కింద పెద్ద చేప కాపలా ఉంటుంది. ఆ ఎర్రగుంపును గుర్తుపట్టి కింద గాలం వేస్తే కాపలా చేప తేలిగ్గా దొరుకుతుంది. ఆ ఒక్క చేపతో వందల పిల్లలు పరకలకు, పక్షులకు ఆహారమవుతాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వారానికోసారి చెరువు చుట్టూ తిరిగి ఎర్రగుంపులను లెక్కించండి. ఈ ఏడు ఎన్ని, వచ్చే ఏడు ఎన్ని అన్నదే కొర్రమీను సంతతికి నమ్మకమైన కొలత. కనిపించిన చోట ఒక జెండా కర్ర నాటి, నెల రోజులు అక్కడ గాలం వేయకూడదని సంఘం తీర్మానం చేయించండి.

మృగశిర కార్తె జూన్ మొదటి వారం చివర వస్తుంది. ఆ రోజు చేప తినని ఇల్లు తెలంగాణలో అరుదు. తొలి వానలకు వాగుల్లో చేపలు ఎదురెక్కేది కూడా ఆ రోజుల్లోనే, కడుపు నిండా గుడ్లతో. పండుగ మానమని నేను అనను. ఆ పూటకు పెంచిన రోహు కొనుక్కుని, వాగులో ఎదురెక్కే చేపకు అడ్డుగా పెట్టే బుట్టలను రెండు వారాలు పక్కన పెట్టమని అడుగుతాను. ఒక వాగులో ఇలా ఆపి, పక్క వాగులో ఆపకుండా, అక్టోబరులో రెండింటి దిగువ కుంటల్లో ఒకే వలతో చిన్న చేపల జాతులను, సంఖ్యను లెక్కిస్తే ఊరి వారికి చూపించడానికి మీ చేతిలో సొంత అంకెలు ఉంటాయి.

మళ్లీ పిల్లల లారీ రావడానికి వారం ముందు పుస్తకాన్ని సంఘం సమావేశంలో తెరవండి. మూడు రోజుల హాపాలో ఎన్ని పోయాయి, కప్పిన హాపాలో ఎన్ని, తెరిచిన హాపాలో ఎన్ని, అలుగు ఎన్ని రోజులు పారింది, తెల్లవారుజామున ఆక్సిజన్ 3 కన్నా తగ్గిన రోజులెన్ని, ఈ అంకెలను పెద్ద కాగితం మీద రాసి గోడకు అంటించండి. తర్వాత ఆ ఏడాది డబ్బు పెద్ద పిల్లల మీద పెట్టాలా, వల కప్పు మీద పెట్టాలా, రాత్రి కాపలా మీద పెట్టాలా అన్నది వారే తేల్చుకుంటారు.